దీపాన్ని కాచే గాజు: అల్-ఖలీల్ హస్తకళ

దివ్యఖుర్ఆన్‌లో నూర్ సూరా 35వ వాక్యం చదివినప్పుడల్లా మన కళ్ళ ముందు ఒక గూడు మెదులుతుంది. గోడలో గూడు, గూటిలో దీపం, ఆ దీపాన్ని చుట్టుకొని నక్షత్రంలా మెరిసే గాజు. భూమ్యాకాశాల జ్యోతి అయిన అల్లాహ్ తన వెలుగును మానవునికి అర్థం చేయించడానికి ఎంచుకున్న ఉపమానంలో గాజుకు చోటు దక్కింది. గూడు విశ్వాసి వక్షమని, గాజు అతని హృదయమని, దీపం అందులోని విశ్వాసమని కొందరు వ్యాఖ్యాతలు వివరించారు.

ఈ ఉపమానంలో గాజు చేసే పని ఏమిటి? అది తనంతట తాను వెలగదు. గాలి తగలకుండా దీపాన్ని కాస్తుంది. అదే సమయంలో ఆ వెలుగును అడ్డుకోకుండా బయటికి పోనిస్తుంది. కాపాడటం, మరుగుపరచకపోవడం అనే రెండు పనులూ ఒకేసారి చేయగల వస్తువులు లోకంలో అరుదు.

ఆ గాజును నేటికీ తన ఊపిరితో ఊది, తన చేతితో తీర్చే మనుషులు ఉన్నారు. వారిలో కొందరు హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) బిరుదునే తన పేరుగా పెట్టుకున్న పట్టణంలో నివసిస్తున్నారు. ఆయన ‘ఖలీలుల్లాహ్’, అంటే అల్లాహ్‌కు ఆప్తమిత్రుడు. ఆ పట్టణం అల్-ఖలీల్. పటాలలో హెబ్రాన్ అని కనిపించే ఈ ఫలస్తీనా పట్టణం బైతుల్ మఖ్దిస్‌కు దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

ఊపిరితో మారిన విద్య

గాజు చాలా పాతది. ఇరాక్, ఈజిప్టు దేశాల ప్రాచీనులు వేల ఏళ్ళ క్రితమే గాజుపూసలు, చిన్న గాజుబుడ్లు చేశారు. అయితే అప్పటి పద్ధతి మహా కష్టమైనది. ఒక కడ్డీ చివర మట్టితో ఒక ముద్ద చేసి, దాని చుట్టూ కరిగిన గాజును పట్టించి, చల్లారిన తరువాత లోపలి మట్టిని గీకి తీసేవారు. ఒక చిన్న అత్తరు బుడ్డి తయారు కావడానికి ఎంతో శ్రమ, కాలం పట్టేవి. అందుకే గాజు రాజుల ఇళ్ళకే పరిమితమైనది.

సుమారు రెండు వేల ఏళ్ళ క్రితం, షామ్ ప్రాంతంలోని పనివారు ఒక గొట్టం చివర కరిగిన గాజును తీసుకొని ఊదితే అది బుడగలా ఉబ్బుతుందని కనుగొన్నారు. బైతుల్ మఖ్దిస్‌లో జరిగిన తవ్వకాలలో క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దానికి చెందిన ఊదిన గాజు ముక్కలు దొరికాయి. ఈ ఒక్క ఉపాయంతో గాజు చరిత్ర మారిపోయింది. రోజుల తరబడి పట్టే పని నిమిషాలలోకి వచ్చింది. రాజుల వస్తువు సామాన్యుని ఇంట నీళ్ళపాత్ర అయింది.

ఆ విద్య పుట్టిన నేలకు అల్-ఖలీల్ పొరుగునే ఉన్నది. అందుకు కావలసిన సరుకులూ దగ్గరలోనే దొరికేవి. పట్టణానికి తూర్పున ఉన్న బనీ నయీమ్ గ్రామం నుండి ఇసుక, మృతసముద్రం నుండి సోడా క్షారం వచ్చేవి. ఇసుక ఒక్కటే కరగాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి. ఏ కట్టెల కొలిమీ అంత వేడిని ఇవ్వలేదు. సోడా కలిస్తే ఇసుక ఎంతో తక్కువ వేడికే లొంగుతుంది. సున్నం తోడైతే ఆ గాజు నీటికి కరగకుండా గట్టిపడుతుంది. రాగి కలిస్తే నెమలికంఠపు ఛాయలు, కోబాల్టు కలిస్తే ముదురు నీలం, ఇనుము కలిస్తే ఆకుపచ్చ వస్తాయి. పాత పట్టణంలో ఒక పేటకు గాజుపనివారి పేట అనే పేరే స్థిరపడింది. అరబ్బీలో గాజుపనివానిని ‘ఖజ్జాజ్’ అంటారు. ఆ పేట పేరు ‘హారతుల్ ఖజ్జాజీన్’.

కొలిమి ముందు

నేడు అల్-ఖలీల్ కార్ఖానాలలో ఇసుకకు బదులు విరిగిన గాజునే వాడుతున్నారు. వాడి పారేసిన సీసాలు, పగిలిన కిటికీ అద్దాలు రంగులవారీగా వేరుచేసి, కడిగి, కొలిమిలో వేస్తారు. పగిలిన అద్దం అతకదని మన పెద్దలు అంటారు. అది నిజమే. కాని అతకనిది కరుగుతుంది. వీధిలో ఎవరి కాలికో గుచ్చుకోవలసిన పెంకు కొలిమిలో పడి మళ్ళీ దీపం బుడ్డిగా బయటికి వస్తుంది.

కొలిమి ముందు కూర్చున్న ఉస్తాద్ చేతిలోని ముఖ్యమైన పనిముట్టు పొడవాటి ఇనుప గొట్టం. మన అమ్మమ్మల వంటింట్లో పొయ్యి రాజేసే ఊదుగొట్టం ఉండేది గదా, చూడటానికి దాదాపు అలాంటిదే. కాకపోతే దానికన్నా ఎంతో పొడవు. దాని కొనను వేయి డిగ్రీలకు పైగా కాగుతున్న గాజులో ముంచి తిప్పితే, తేనె కడ్డీకి పట్టినట్లు నారింజరంగు ముద్ద ఒకటి కొనకు చుట్టుకుంటుంది. ఆ క్షణం నుండి గొట్టం తిరగడం ఆగకూడదు. ఆగితే గాజు ఒకవైపునకు జారిపోతుంది.

గొట్టంలోకి చిన్నగా ఒక ఊపిరి. ముద్ద లోపల బుడగ పుడుతుంది. నున్నని బల్లపై దొర్లించి ఆకారం సరిచేసి మళ్ళీ ఊదుతాడు. ఈలోగా గాజు చల్లబడుతుంది, తిరిగి కొలిమి నోటికి చేరుతుంది. బయటికి తీసి, ‘కమ్మాషా’ అనే ఇనుప పట్టకారుతో మెడ నొక్కుతాడు, పెదవి వెడల్పు చేస్తాడు. మళ్ళీ వేడి, మళ్ళీ ఊపిరి. ఇదంతా కొద్ది నిమిషాలలో జరిగిపోవాలి. ఆలోచిస్తూ కూర్చునే వ్యవధి గాజు ఇవ్వదు. అందుకే ఈ విద్యను పుస్తకం చూసి నేర్చుకోవడం సాధ్యపడదు. తండ్రి పక్కన బాల్యంలోనే కూర్చుని, ముందు చూసి, తరువాత గొట్టం పట్టి, ఏళ్ళ తరబడి ఎన్నో పాత్రలు పాడుచేసి నేర్చుకోవలసిందే. గాజులో కలిపే పాళ్ళు, రంగు మర్మాలు కొన్ని కుటుంబాలలోనే తరతరాలుగా సాగుతున్నాయి. నత్షె కుటుంబం వాటిలో ప్రసిద్ధమైనది.

పాత్ర రూపొందిన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. ఎర్రగా ఉన్న గాజును అలాగే గాలిలో వదిలితే పై పొర త్వరగా చల్లబడి బిగుసుకుంటుంది, లోపలి పొర ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ రెంటి పెనుగులాటలో పాత్ర తనంతట తానే పగిలిపోతుంది. అందుచేత దానిని మరొక వెచ్చని గదిలో ఉంచి, గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడిన వాని శ్రమంతా వృథా.

ఇలా చేసిన పాత్రను గుర్తుపట్టడం కష్టం కాదు. అడుగున వేలు పెట్టి చూస్తే, కడ్డీ నుండి విడదీసిన చోట చిన్న గరుకు మచ్చ తగులుతుంది. వెలుగుకు ఎత్తి చూస్తే సన్నని గాలి బుడగలు కనిపిస్తాయి. అంచు యంత్రం కోసినట్లు ఉండదు. రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా పోలి ఉంటాయి తప్ప ఒక్కటిగా ఉండవు. వీటిని లోపాలనుకునేవారు ఉన్నారు. ఒక మనిషి ఆ వస్తువు దగ్గర కొంతసేపు కూర్చున్నాడనడానికి అవే సాక్ష్యాలు.

మస్జిద్ దీపం నుండి తీసుకున్న రూపం

నేటి ఉస్తాద్ చేసే కూజాలు, గిన్నెలు, అత్తరు బుడ్ల ఆకారాలు కొత్తగా కల్పించినవి కావు. తవ్వకాలలో బయటపడిన ప్రాచీన పాత్రలను చూసి, వాటి సన్నని మెడలను, గుండ్రని కడుపులను అనుసరించి కొన్ని చేస్తారు. వందల ఏళ్ళు మట్టిలో ఉండి రంగులు తేలిన పాత గాజు పైపొరను తలపించే రకం ఒకటి ఉన్నది. దానిని ‘ఫినీషియన్ గాజు’ పేరిట అమ్ముతారు. కాని ముస్లిం హృదయానికి దగ్గరైన ఆకారం మస్జిద్ దీపానిదే.

పూలకుండీలా పైకి విప్పారిన మెడ, ఉబ్బిన నడుము, కింద చిన్న పాదం, నడుము చుట్టూ గొలుసులు తగిలించే చిన్న చెవులు. 13, 14 శతాబ్దాలలో మమ్లూక్ సుల్తానుల కాలాన ఈజిప్టు, షామ్ ప్రాంతాలలో ఈ రూపం పరాకాష్ఠకు చేరింది. రంగు గాజును పొడిచేసి, దానితో ఆ దీపాలపై అక్షరాలు వ్రాసి, బంగారం పూసి, మళ్ళీ కొలిమిలో కాల్చేవారు. చాలా దీపాల మెడ చుట్టూ నూర్ సూరాలోని ఆ వాక్యపు తొలి పదాలే ఉంటాయి. దీపం లోపల నూనె బుడ్డి వెలిగినప్పుడు ఆ అక్షరాల గుండానే వెలుగు నమాజు చేసేవారిపై పడేది. ఉపమానం చదివేవారికి ఉపమానమే కళ్ళెదుట వేలాడేది.

కైరోలో 1356లో నిర్మాణం ఆరంభమైన సుల్తాన్ హసన్ మస్జిద్ కోసం ఇలాంటి దీపాలు ఎన్నో తయారయ్యాయి. అవి ఇప్పుడు మస్జిద్‌లో లేవు. కొన్ని కైరోలోని ఇస్లామీ కళా ప్రదర్శనశాలలో, మరికొన్ని ఇతర దేశాల ప్రదర్శనశాలల అద్దాల వెనుక ఉన్నాయి.

ఈ విద్య ఎలా చేజారిందో చెప్పే ఒక సంఘటన గుర్తుంచుకోదగినది. 15వ శతాబ్దం వచ్చేసరికి షామ్ గాజు కొలుములు క్షీణించాయి. 1401లో తైమూర్ దమస్కును ధ్వంసం చేసి, అక్కడి పనివారిని సమర్‌ఖండ్‌కు తరలించుకుపోయాడు. ఇక 1569 నాటికి ఉస్మానీ సామ్రాజ్య ప్రధానమంత్రి సొకొల్లు ముహమ్మద్ పాషా తమకు కావలసిన 900 దీపాలను వెనిస్ నగరం నుండి తెప్పించుకోవలసి వచ్చింది. ఒకప్పుడు మనవారి దగ్గర నేర్చుకున్న విద్యను అక్కడివారు కాపాడుకున్నారు. మనం మన మస్జిద్ దీపాన్ని పొరుగువారి దగ్గర కొనుక్కున్నాము. సంపదకు ఆ సామ్రాజ్యంలో కొరత లేదు. పక్కన కూర్చోబెట్టుకొని నేర్పేవారి గొలుసు తెగిపోవడమే అసలు కొరత.

అల్-ఖలీల్ కొలుములు అంతటి బంగారు దీపాలు నేడు చేయడం లేదు. వారు చేసేవి నీలపు, ఆకుపచ్చ, తేనెరంగు దీపాలు. అలంకారం తక్కువ, ఆకారం మాత్రం అదే. గొలుసు ఇంకా పూర్తిగా తెగలేదని చెప్పడానికి ఆ ఆకారం చాలు.

గాజు నుండి గాజులు

తెలుగులో ఒక విశేషం ఉన్నది. సీసాకు, కిటికీకి వాడే పదార్థాన్నీ, ఆడపిల్ల ముంజేతి ఆభరణాన్నీ మనం ఒకే మాటతో పిలుస్తాము: గాజు. అల్-ఖలీల్ చరిత్ర చదివితే ఈ మాట అక్కడికీ సరిపోతుందనిపిస్తుంది. శతాబ్దాల పాటు ఆ పట్టణపు ప్రధాన సరుకు గాజులే. 1780 దశకంలో ఆ ప్రాంతం తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు వోల్నే, అక్కడ చేసే రంగురంగుల ముంజేతి గాజులు, కాలి కడియాలు ఇస్తాంబుల్ దాకా వెళ్తున్నాయని వ్రాశాడు. అక్కడి పూసలు ఒంటెల బిడారులపై సూడాన్ వరకు చేరేవి. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అల్-ఖలీల్ గాజు వస్తువులు కొలువుతీరాయి.

అక్కడ నేటికీ దిష్టి తగలకుండా అంటూ నీలికన్ను పూసలు తయారై అమ్ముడవుతాయి. అందమైన పూసగా దానిని మెచ్చుకోవడం వేరు, అది కీడును ఆపుతుందని నమ్మడం వేరు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనివని నమ్మే విశ్వాసి గాజుపూసను రక్షకునిగా మెడలో వేసుకోడు. దీపాన్ని కాచడం వరకే గాజు పని. మనిషిని కాచేవాడు దాని సృష్టికర్త.

వెనుకబడిన కొలుములు

19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఐరోపా కార్ఖానాల చౌకగాజు వచ్చిపడటంతో అల్-ఖలీల్ గాజుకు తొలి దెబ్బ తగిలింది. 1967లో పట్టణం ఇజ్రాయీల్ ఆక్రమణలోకి వెళ్ళింది. 1994 ఫిబ్రవరి 25న, రమజాన్ మాసంలో, ఇబ్రాహీమీ మస్జిద్‌లో ఫజ్ర్ నమాజు చేస్తున్నవారిపై ఒక యూదు వలసవాసి కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. ఆ తరువాత ఆంక్షలు బాధితుల మీదనే పడ్డాయి. పాత పట్టణపు ప్రధాన వీధి అయిన షుహదా వీధిలో దుకాణాలు మూతపడ్డాయి. తనిఖీ కేంద్రాలు వెలిశాయి. గాజు కార్ఖానాలు నేడు మిగిలి ఉన్నది పాత పేటలో కాదు, పట్టణానికి ఉత్తరాన. అవి కూడా వేళ్ళ మీద లెక్కించదగినన్నే.

గౌరవాలకు లోటు లేదు. ప్రపంచ హస్తకళల మండలి 2016లో అల్-ఖలీల్‌ను హస్తకళల నగరంగా గుర్తించింది. యునెస్కో 2017లో దాని పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలోనూ ఒకేసారి చేర్చింది. కాని కొలిమికి కావలసింది ఇంధనం, కొనేవాడు, నేర్చుకునేవాడు. 2023 అక్టోబరులో గాజాపై యుద్ధం మొదలైన తరువాత వెస్ట్ బ్యాంకుకు యాత్రికుల రాక దాదాపు ఆగిపోయింది. గాజు కొలిమిని పొయ్యిలా అవసరమైనప్పుడు వెలిగించి ఆర్పడం కుదరదు. గాజు కరిగే వేడికి రావడానికే ఎంతో కాలం, ఎంతో ఇంధనం కావాలి. అమ్మకం లేనినాడు మండే కొలిమి యజమాని చేతి సొమ్మును తింటుంది. ఆరిన కొలిమి ముందు ఏ తండ్రి కొడుకును కూర్చోబెడతాడు?

పొరుగున సిరియాలోనూ ఇదే స్థితి. అక్కడి సంప్రదాయ గాజు ఊదే కళను యునెస్కో 2023లో తక్షణం కాపాడవలసిన కళల జాబితాలో చేర్చింది. ఒకనాడు వెనిస్‌కు పాఠం చెప్పిన నేల అది.

మన ఇంట్లో

ఈ కథ మనకెందుకు? అల్-ఖలీల్ గాజు మన వీధి దుకాణంలో దొరకదు. కాని చేతిపనివారు మన చుట్టూ ఉన్నారు. మన ఆడపిల్లలు పండుగకు వేసుకునే గాజులలో అధికభాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ కొలుముల నుండి వస్తాయి. అక్కడ ఆ వేడిలో పనిచేసే వారిలో మన ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. డజను గాజుల ధర దగ్గర బేరమాడే ముందు ఆ కొలిమి వేడిని ఒక్కసారి తలచుకోవడం న్యాయం. తన చేతి కష్టంతో తినే తిండికన్నా మేలైన తిండి లేదని, హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే తినేవారని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. చేతిపనివానిని చిన్నచూపు చూసే ఇల్లు ఈ హదీసును మరచిన ఇల్లు.

మరొక హదీసు కూడా గాజును ప్రస్తావిస్తుంది. ఒక ప్రయాణంలో అన్జషా అనే సేవకుడు తన గానంతో ఒంటెలను వేగంగా నడిపిస్తున్నాడు. వాటిపై స్త్రీలు ఉన్నారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని గాజుపాత్రలతో పోల్చి, నెమ్మదిగా నడపమని అతనికి చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉన్నది. గాజు బలహీనమైనదని ఈ మాటకు అర్థం చెప్పుకునేవారు కొలిమిని చూడలేదు. గాజు వేయి డిగ్రీలను తట్టుకొని వచ్చినది. దాని విలువ తెలిసినవాడే దానిని జాగ్రత్తగా పట్టుకుంటాడు. భార్య విషయంలో, కుమార్తె విషయంలో మన మాట, మన చేయి ఎలా ఉండాలో ఆ ఒక్క పోలికలో ఉన్నది.

పిల్లల విషయంలోనూ ఉస్తాద్ దగ్గర నేర్చుకోవలసినది ఉన్నది. వేడిగా ఉన్నప్పుడే రూపం దిద్దుతాడు. తిప్పడం ఆపడు. ఊపిరి బలంగా కాక కొలతగా పోస్తాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, రూపం వచ్చింది గదా అని ఒక్కసారిగా వదిలేయడు, నెమ్మదిగా చల్లారనిస్తాడు. మనం పిల్లలకు నమాజు, సత్యం, హలాల్ సంపాదన నేర్పేది కూడా అలాగే పక్కన కూర్చోబెట్టుకొని. ఆ గొలుసు ఒక్క తరంలో తెగితే, తరువాతి తరం తన మస్జిద్ దీపాన్ని ఎక్కడో కొనుక్కోవలసి వస్తుంది.

అల్-ఖలీల్‌లో ఆ నీలి దీపాన్ని చేసిన మనిషికి అందులోని వెలుగు తనది కాదని తెలుసు. దానిని మసిబారనీయకుండా అందించడమే తన పని. మన హృదయాల గాజుకూ అల్లాహ్ అంతటి నిర్మలత్వాన్ని ప్రసాదించుగాక. ఆ కొలుములను, వాటి ముందు కూర్చున్నవారిని ఆయన తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.